గడువు దాటిన పిల్ల

వదిన వాణి ఫోన్ చేసేసరికి సత్యవేణి పెరట్లో గిన్నెలు తోముకుంటోంది. తడిచేత్తోనే ఫోన్ ఎత్తి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల వాణి ఏడుస్తోంది. పుట్టింట్లో ఎవరికేమైందోనని సత్యవేణి భయపడింది.

"దివ్య పోలీసు కేసు పెట్టింది సత్యవేణీ. నారాయణమూర్తి మాస్టారి మీద. హిందీ మాస్టారు లేడూ, ఆ మహానుభావుడే. పదేళ్ళ పిల్లప్పటి సంగతంట. రెండేళ్ళు... ఆయన గదిలో... కన్నతల్లిని, నాకు ఇన్నాళ్ళూ తెలీనే తెలీలేదు చూడు."

సత్యవేణి గరిట కింద పెట్టి ఫోన్ చేత్తో పట్టుకుంది.

"మీ అన్నయ్య అన్నం ముట్టట్లేదు. అత్తయ్యగారైతే పిల్లని పక్కనించి కదలనివ్వట్లేదు. పొద్దున్న స్టేషన్లో కూడా దాని చెయ్యి వదల్లేదు. 'చెప్పమ్మా, భయపడకు, మామ్మున్నాను కదా' అంటా దాని పక్కనే కూర్చున్నారు."

అనవలసిన మాటలన్నీ సత్యవేణి అంది. ధైర్యంగా ఉండమంది, రేపే వస్తానంది. ఫోన్ పెట్టేశాక నీళ్ళ తొట్టి గట్టుమీద కూలబడింది. మేనకోడలి మీద జాలి ఉంది, ఆ ముసలాడి మీద కోపం ఉంది. కానీ వాటికంటే ముందు పైకి తన్నుకొచ్చింది వేరే ఒకటి. అదేమిటో గుర్తుపట్టడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. అన్నకి కొత్త సైకిలు కొని, తనకి అన్న పాత సైకిలు ఇచ్చినప్పుడు కడుపులో మండిన మంటే. కుళ్ళు.

అమ్మ దాని చెయ్యి పట్టుకుందా!

ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, పైగా అన్న కూతురు. ఇలాంటి కష్టంలో ఉన్నదాన్ని చూసి కుళ్ళుకుంటున్నానా అని సత్యవేణి తనమీద తనే అసహ్యపడింది. అసహ్యపడినంత మాత్రాన అది పోలేదు.

* * *

సత్యవేణి పుట్టిల్లు నగరం అనే ఊరికి అవతల, కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. ఆమె చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల కాస్త పొలమూ తోటా ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లలచేత హిందీ పరీక్షలు కట్టించేవారు. ఒకటి తర్వాత ఒకటి పాసవుతూ పోతే ఎప్పటికైనా టీచరు ఉద్యోగం వస్తుందని ఆశ. నారాయణమూర్తి హైస్కూల్లో హిందీ పండితుడు. సాయంత్రాలు తన ఇంటి వరండాలో పాఠం చెప్పేవాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట. ఆడపిల్లల్ని 'బేటీ' అని పిలిచేవాడు. బాగా చదివే పిల్లని డిక్టేషన్ కోసమని లోపలి గదికి రమ్మనేవాడు. పదకొండేళ్ళ సత్యవేణి బాగా చదివేది.

ఆ గదిలోకి మూడోసారో నాలుగోసారో వెళ్ళిన రోజున ఆమె పుస్తకాలు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. తల్లి సుబ్బాయమ్మ చూరు కింద కూర్చుని కొబ్బరాకు చీరి ఈనెలు తీస్తోంది. పిల్ల చెప్పింది. తనకు తెలిసిన మాటల్లో చెప్పింది, మాటలు లేనిచోట చేత్తో చూపించింది.

సుబ్బాయమ్మ కత్తి కింద పెట్టి, పిల్లని నూతి దగ్గరికి తీసుకెళ్ళి, నెత్తిన చేదలు చేదలుగా నీళ్ళు గుమ్మరించి, పీచుతో ఒళ్ళంతా తోమింది. తోముతూనే చెప్పింది.

"ఇంకెళ్ళకు. ఎవరితోనూ అనకు. మీ నాన్నకి తెలిస్తే కత్తట్టుకుని పోతారు. ఆయన జైల్లో పడతారు, నువ్వు బజార్న పడతావు. అనకు. మర్చిపో."

ఆ వారంలోనే మాస్టారు వదిలేసిన పుస్తకాలు పట్టుకుని స్వయంగా వచ్చాడు. "పాప రావట్లేదేం సుబ్బాయమ్మగారూ?" అని అడిగాడు. తలుపు వెనక నిలబడి సత్యవేణి వింటోంది. తల్లి ఏదో ఒకటి అంటుందనుకుంది. తిడుతుందనుకుంది. కనీసం వెళ్ళిపొమ్మంటుందనుకుంది.

"దానికి హిందీ బుర్రకెక్కట్లేదండీ," అంది సుబ్బాయమ్మ. మాస్టారు మజ్జిగ తాగి వెళ్ళాడు.

ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. ఏమీ తెలియని అన్న నాగబాబు దాన్ని పట్టుకుని చెల్లెల్ని ఏళ్ళ తరబడి ఏడిపించాడు. పెళ్ళిచూపుల్లో కూడా, "మా చెల్లికి అన్నీ వచ్చండీ, హిందీ ఒక్కటే రాదు," అని అందర్నీ నవ్వించాడు. సత్యవేణి కూడా నవ్వింది. సఖినేటిపల్లిలో రొయ్యల చెరువులున్న సూరిబాబుని చేసుకుంది. ఇద్దరు పిల్లల తల్లయింది. మాస్టారు రిటైరయ్యాడు, ఊళ్ళో సన్మానం చేశారు, ఆ ఫోటో పేపర్లో వచ్చింది. ఎక్కడా ఎవరితోనూ ఆమె అనలేదు.

* * *

మర్నాడు ఆమె వెళ్ళేసరికి పుట్టిల్లు జనంతో నిండి ఉంది. అరుగు మీద నాగబాబు నిలబడి, వచ్చినవాళ్ళందరికీ వినబడేలా చెబుతున్నాడు.

"నా కూతురు ఏ తప్పూ చెయ్యలేదండీ. తల దించుకోవాల్సింది వాడు. వాణ్ణి జైల్లో కూర్చోబెట్టేదాకా నేను నిద్రపోను."

జనం తలలూపుతున్నారు. ఎదిరింటివాళ్ళ చిన్నపిల్ల హిందీ పుస్తకం పట్టుకుని మాస్టారింటికి వెళ్తుంటే సెలవులకొచ్చిన దివ్య చూసిందట. చూసి, ఎదురెళ్ళి, ఆ పిల్లని వెనక్కి తిప్పి, ఇంటికొచ్చి తల్లికి మొత్తం చెప్పేసిందట. ఎంత ధైర్యమో అంటున్నారు అందరూ. చదువుకున్న పిల్ల అంటే అలా ఉండాలంటున్నారు.

సత్యవేణి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. నడిమింట్లో దివ్య మంచం మీద కూర్చుని ఉంది. సుబ్బాయమ్మ పక్కన కూర్చుని ఆకు దొన్నెల్లో ఉడికిన పొట్టిక్కలు విప్పి, చట్నీలో అద్ది, ముక్క ముక్కగా మనవరాలి నోటికి అందిస్తోంది. పనసాకుల వాసన గదంతా ఉంది. సత్యవేణికి ఆ రోజు నూతి దగ్గర్నుంచి వచ్చాక అన్నం పెట్టారో లేదో గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవాలని అక్కడే గుమ్మంలో నిలబడిపోయింది.

"అత్తా," అంది దివ్య. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నువ్వేం అనవేంటి?"

"మంచి పని చేసేవమ్మా."

ఆ మాట తన గొంతులో ఎంత పొడిగా ఉందో సత్యవేణికే వినబడింది. దివ్య ఆశగా చూసిన చూపు మెల్లగా కిందికి వాలిపోయింది.

ఆమె పెరట్లోకి వెళ్తే వెనకే సుబ్బాయమ్మ వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఈ రెండు రోజుల్లోనే మరింత వంగిపోయింది. కూతురి మొహం చూడకుండా, అరటిచెట్ల వైపు చూస్తూ గొంతు తగ్గించింది.

"నువ్వు నీ సంగతేం ఎత్తకు. ఇప్పుడు నీదెందుకు? దాని కేసు పాడైపోద్ది. మీ ఆయన ఏవనుకుంటాడో. అనకు."

మళ్ళీ అదే మాట. ఇరవై ఏడేళ్ళ తర్వాత, అదే గొంతుతో, అదే పెరట్లో.

"దాన్నేమో చెప్పమ్మా అన్నావంట," అంది సత్యవేణి. "నన్నేమో అనకు అంటున్నావు. నేనేం పాపం చేసేను అమ్మా?"

లోపల్నుంచి దివ్య "మామ్మా" అని పిలవగానే సుబ్బాయమ్మ గబగబా వెళ్ళిపోయింది.

* * *

సత్యవేణి ఇంటికి తిరిగి వెళ్ళవలసిన బస్సు ఎక్కలేదు. ఆటో ఎక్కి పోలీసుస్టేషన్ ముందు దిగింది. అక్కడి ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, ఆడ కానిస్టేబుల్‌ని పక్కన ఉంచుకుని, అంతా విన్నాడు. విని, పెన్ను మూసేశాడు.

"మేడమ్, మీది తొంభై ఎనిమిది నాటి సంగతి. మీ మేనకోడలిగారిది పోక్సో చట్టం కింద వస్తుంది. దానికి గడువు లేదండీ, ఎన్నేళ్ళ తర్వాతైనా చెప్పొచ్చు. కానీ ఆ చట్టం రెండువేల పన్నెండు ఆఖర్లో వచ్చింది. మీకు జరిగినప్పుడు అది లేదు. పాత సెక్షన్లకి గడువుంటుంది. మూడేళ్ళు దాటితే కోర్టు తీసుకోదు."

"అప్పుడు నాకు పదకొండేళ్ళండీ. మూడేళ్ళంటే పద్నాలుగు. పద్నాలుగేళ్ళ పిల్ల ఒంటరిగా స్టేషనుకి రావాలాండీ?"

ఎస్సై తల దించుకున్నాడు. "నేను చెయ్యగలిగింది ఇంతేనండీ," అన్నాడు.

సఖినేటిపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కొబ్బరిచెట్లు, కాలవలు, మళ్ళీ కొబ్బరిచెట్లు. దివ్యకి అన్నీ కలిసొచ్చాయి అనుకుంది. అరుగెక్కి అరిచే తండ్రి ఉన్నాడు. గుండెలు బాదుకుని ఏడ్చే తల్లి ఉంది. నోట్లో ముద్ద పెట్టే నాయనమ్మ ఉంది. చివరికి పుట్టిన సంవత్సరం కూడా కలిసొచ్చింది. అదే మనిషి, అదే గది, అదే వరండా. దాని కేసు అమలాపురం కోర్టులో నడుస్తుంది, దాని పేరు బయటికి రాకుండా చట్టం కాపాడుతుంది. నాది చెత్తకాగితం. ఇలా లెక్కలు వేసుకుంటున్న తన మనసుని చూసుకుని ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. దివ్యకి కలిసొచ్చిందని దేన్ని అంటున్నాను నేను? రెండేళ్ళు ఆ గదిలోకి వెళ్ళిన పిల్లని!

సాయంత్రం చెరువుగట్టు మీద సూరిబాబుకి చెప్పింది. ఆయన లుంగీ ఎగ్గట్టుకుని చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ తిరిగేది చూస్తున్నాడు. పదహారేళ్ళ కాపురంలో ఆయనతో ఇంతసేపు ఏకబిగిన మాట్లాడటం అదే మొదటిసారి. అంతా విని ఆయన ఏరేటర్ ఆపేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"హిందీ మాటాడే వ్యాపారులొస్తే నువ్వు లోపలికి పోయేదానివి," అన్నాడు. "నీకు పొగరనుకునేవాణ్ణి."

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"నన్నడుగుతావేంటి? నీ ఇష్టం. ఎస్సై మాటే ఆఖరి మాటేం కాదు కదా. రేపు రాజోలు పోదాం. లాయరమ్మగారున్నారు, మన చెరువుల లీజు గొడవ చూసేరు."

* * *

లక్ష్మీతులసి అనే ఆ లాయరు యాభై దాటిన మనిషి. సత్యవేణి చెబుతున్నంతసేపూ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని కూర్చుంది.

"ఎస్సైగారు చెప్పింది సగం నిజమమ్మా," అంది. "ఆ మాస్టారు మీకు చేసినవాటిలో కొన్నిటికి పాత చట్టంలోనే పెద్ద శిక్షలున్నాయి. వాటికి గడువు అడ్డు రాదని నేను వాదిస్తాను. మిగిలినవాటికి గడువుంది, నిజమే. కానీ గడువు దాటినా కేసు తీసుకునే అధికారం కోర్టుకి ఉంది. ఆలస్యం ఎందుకైందో సబబైన కారణం కనబడాలి. లేకపోతే న్యాయం కోసం తీసుకోక తప్పదని జడ్జిగారికి అనిపించాలి. గడువు పొడిగించమని మనం పిటిషన్ వేద్దాం."

"కారణం నేను చెబుతానండీ."

"మీరొక్కరే చెబితే అవతలి లాయరు ఒప్పుకోడు. మేనకోడలు కేసు పెట్టింది కాబట్టి మీరూ కథ అల్లేరంటాడు. మీరు ఆ రోజే ఎవరికైనా చెప్పేరా?"

"మా అమ్మకి."

"ఆవిడ ఉన్నారా?"

"ఉన్నారండీ."

"అయితే ఆవిడ చేత చెప్పించాలి. 'నా కూతురు ఆ రోజే నాకు చెప్పింది, నేనే నోరు నొక్కేను' అని ప్రమాణం చేసి చెప్పాలి. కోర్టులో అడిగితే నిలబడాలి. అది లేకపోతే మన పిటిషన్‌కి బలం లేదు."

సత్యవేణి సూరిబాబు వైపు చూసింది. ఆ మాట విన్న మరుక్షణం ఆమెకు రెండు సంగతులు ఒకేసారి తట్టాయి. అమ్మ వచ్చి తనకోసం నోరు విప్పాలి, ఇది మొదటిది. అమ్మ ఆ మాట చెబితే, అంతా తెలిసి కూడా దివ్యని అదే వరండాకి పంపనిచ్చిందని లోకానికి తెలుస్తుంది, ఇది రెండోది. ఆ రెండోదాని దగ్గర మనసు కాస్త సంతోషంగానే ఆగిందని ఆమె గమనించింది.

పుట్టింటికి వెళ్ళి, సుబ్బాయమ్మని తోటలో ఒంటరిగా దొరకబుచ్చుకుని అడిగింది. సుబ్బాయమ్మ ఎదురు ప్రశ్న వేసింది.

"వాణికేం చెప్పనే? నీకు ముందే తెలిసి నా పిల్లనెందుకు పంపనిచ్చేవంటే నేనేం చెప్పను?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఆ రోజుల్లో దివ్య హిందీకి వెళ్తందని తెలిసి ఫోన్ చేసేను. ఎవరి దగ్గరికని అడిగితే కాన్వెంట్లోనే చెబుతున్నారన్నావు. ఎందుకన్నావు?"

"నువ్వు గోల చేస్తావని భయవేసింది. నీ కాపురం ఏవైపోద్దోనని. వాడు ముసలాడైపోయేడు కదా, మనవలున్నారు కదా, ఇంకేం చేస్తాళ్ళే అనుకున్నాను. పదిమంది పిల్లలతో కలిపి పంపమన్నానే వాణికి. అంతకంటే నాకేం తోచలేదు." పైటకొంగు నోట్లో కుక్కుకుంది. "ఇప్పుడు చెబితే దివ్య నా మొహం చూడదే."

"నేను చూడకపోయినా ఫర్వాలేదా అమ్మా?"

"నువ్వు నా కడుపున పుట్టేవు. ఎక్కడికి పోతావు?"

ఆ మాటలో ఎంత నమ్మకముందో, సత్యవేణిని అదంతగా కాల్చేసింది. ఎక్కడికీ పోదన్న ధీమాతోనే ఇన్నాళ్ళూ తనని పక్కన పెట్టింది అమ్మ. ఇంకొక్క మాట మాట్లాడకుండా బయల్దేరి వచ్చేసింది.

* * *

వారం తిరక్కుండానే దివ్య సఖినేటిపల్లి వచ్చింది, ఒక్కతే. సత్యవేణి సంగతి స్టేషన్లో కానిస్టేబుల్ ద్వారా విన్నదట. ఇంట్లో కూర్చోకుండా, "రేవు దాకా నడుద్దాం అత్తా," అంది. గోదావరి దాటించి నరసాపురం చేర్చే పంటు అప్పుడే కదిలిపోయింది. మోటారుసైకిళ్ళూ కూరగాయల బుట్టలూ జనమూ అవతలి ఒడ్డుకి చిన్నవైపోతూ కనిపిస్తున్నాయి. రేవు మెట్ల పక్కన సిమెంటు దిమ్మ మీద ఇద్దరూ కూర్చున్నారు.

"నీక్కూడానంట కదా," అంది దివ్య.

"ఆఁ."

"నేను చెప్పినప్పుడు నువ్వెందుకలా మొహం పెట్టేవో అర్థం కాలేదు. నేనంటే అసయ్యం వేసిందేమో అనుకున్నాను."

సత్యవేణి అబద్ధం చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు.

"అసయ్యం కాదమ్మా. కుళ్ళు. మీ మామ్మ నీ చెయ్యి పట్టుకుందని. నేనూ చెప్పేను. ఆ రోజే, ఆ పూటే వచ్చి చెప్పేను మా అమ్మకి. నూతి దగ్గరికి తీసుకెళ్ళి ఒళ్ళు కడిగి, నోరు మూసుకోమంది."

చెప్పేసింది. ఆ ముక్క బయటపడగానే, ఇన్నాళ్ళూ అమ్మ దగ్గర ముద్దలు తిన్నావు కదా, ఇప్పుడు తెలిసిందా అన్నట్టు లోపలెక్కడో ఓ చిన్న తృప్తి. అది రెప్పపాటు కూడా నిలవలేదు. దివ్య మొహంలో రక్తం లేదు.

"అంటే మామ్మకి తెలుసు," అంది దివ్య. "ముందే తెలుసు."

సత్యవేణి తలూపింది.

దివ్య ఏడవలేదు. నీళ్ళవైపు తిరిగింది. తర్వాత మెల్లగా, తనలో తాను లెక్క తేల్చుకుంటున్నట్టు అడిగింది.

"నువ్వు చెప్పేక, నిన్ను మళ్ళీ అక్కడికి పంపేరా?"

"లేదు. ఆ మర్నాటి నించే మాన్పించేసింది."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా పంపలేదు."

"నేను రెండేళ్ళు వెళ్ళేనత్తా. రోజూ సాయంత్రం జడేసి, పౌడరు రాసి పంపేది మామ్మే." దివ్య అత్తవైపు తిరిగింది. "నీకు కుళ్ళా? నాకు నీ మీద ఉంది. ఇప్పుడే పుట్టింది. నువ్వు పదకొండేళ్ళప్పుడే చెప్పగలిగేవు. నాకు నోరే రాలేదు. నిన్ను నూతి దగ్గరికి తీసుకెళ్ళి కడిగిన మనిషే, నన్ను ముస్తాబు చేసి పంపింది. నీ నోరు మూయించినా నువ్వు ఆ గదికి మళ్ళీ వెళ్ళక్కర్లేకపోయింది కదా. నా బదులు నువ్వుంటే తెలిసేది."

సత్యవేణి ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ తను అద్దంలో చూసుకుని అసహ్యపడిన మొహమే అది. తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకోగలరని, తనకి దక్కినది కూడా ఇంకొకరికి దక్కలేదని ఆమెకి కలలో కూడా తోచలేదు. నూతి దగ్గర పడ్డ ఆ చేదల నీళ్ళని ఆమె ఎప్పుడూ శిక్షగానే తలుచుకుంది. అమ్మ ఆ రోజు వణుకుతూ ఉందని, ఆ వణుకుతోనే మాన్పించిందని ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా క్షమించబుద్ధి కాలేదు. దివ్యని దగ్గరికి లాక్కుంది. ముందు ఆ పిల్ల బిగుసుకుపోయింది, తర్వాత భుజం మీద వాలింది. పంటు మళ్ళీ ఇవతలికి వచ్చి జనం దిగుతున్నా ఇద్దరూ లేవలేదు.

* * *

నాలుగు రోజుల తర్వాత రాజోల్లో లాయరు ఆఫీసు ముందు ఆటో ఆగింది. దివ్య డ్రైవరు పక్కన కూర్చుని ఉంది. వెనక సీట్లో సుబ్బాయమ్మ ఒక్కతే, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని.

"తీసుకొచ్చేను," అంది దివ్య. అంతకు మించి ఏమీ అనలేదు.

ఇంట్లో ఏం జరిగిందో సత్యవేణికి తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. దివ్య అందరి ముందూ అడిగేసిందట. సుబ్బాయమ్మ దాచలేదట. నాగబాబు గోడకేసి తల కొట్టుకున్నాడట. చెల్లెల్ని హిందీ పేరు చెప్పి ఏడిపించినవన్నీ తలుచుకుని చెరువుగట్టు మీద సూరిబాబు పక్కన కూర్చుని ఒక సాయంత్రమంతా ఏడ్చాడు కూడా. వాణి మాత్రం ఆ రోజు నుంచి అత్తగారితో మాట్లాడటం మానేసింది. కంచం పెడుతుంది, మందులు ఇస్తుంది, మాట్లాడదు.

పిటిషన్ విచారణకొచ్చింది. నారాయణమూర్తి దివ్య కేసులో బెయిలు మీద ఉన్నాడు. తెల్లటి పంచెలోనే వచ్చాడు, చేతికర్రతో. ఆయన లాయరు సుబ్బాయమ్మని ప్రశ్నించడానికి నవ్వుతూ లేచాడు.

"ఇరవై ఏడేళ్ళు ఏం చేశారమ్మా? మీ అమ్మాయి ఊహించుకుని చెప్పిందేమో. ఇప్పుడు మనవరాలి కేసుకి బలం కోసం అందరూ కలిసి అనుకున్న మాటలేమో ఇవి?"

బోనులో సుబ్బాయమ్మ కమ్మీని పట్టుకుంది. జడ్జిగారు కుర్చీ వేయించబోతే వద్దంది.

"అది ఊహించుకోలేదండీ. పదకొండేళ్ళ పిల్లకి అలాంటివి ఊహించుకోవడం రాదండీ. ఆ పూటే వచ్చి నాకు చెప్పింది. ఎక్కడ ముట్టుకున్నాడో చూపించింది. నేనే భయపడ్డానండీ. ఈయన పుస్తకాలు పట్టుకుని మా ఇంటికొస్తే మజ్జిగిచ్చి పంపేను. ఆ మజ్జిగ నా చేత్తో ఇచ్చేనండీ." ఊపిరి తీసుకుంది. "పిల్ల వేళకే చెప్పిందండీ. గడువు దాటించింది నేనండీ, అది కాదు. దానికి గడువు దాటిందని చెప్పకండి బాబూ."

నారాయణమూర్తి చేతికర్ర వైపు చూసుకుంటున్నాడు. సత్యవేణి తల్లినే చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు తలుపు వెనక నిలబడి ఏ మాట కోసం చెవులు రిక్కించిందో ఆ మాట ఇప్పుడు, ఇంతమంది ముందు, ఆ మనిషి ఎదురుగానే వినబడింది. ఆనందం వస్తుందనుకుంది. వచ్చింది అలసట మాత్రమే.

ఆర్డరు వచ్చేసరికి మరో వాయిదా గడిచింది. చిన్నపిల్ల తనంతట తాను కోర్టుకి వచ్చే వీలు లేదని, వేళకే తల్లికి చెప్పుకుందని, జరిగిన ఆలస్యం ఆమెది కాదని, న్యాయం కోసం గడువు పొడిగిస్తూ కేసుని విచారణకు తీసుకుంటున్నానని జడ్జిగారు చదివారు. అవతలివాళ్ళు పైకోర్టుకి వెళ్తామన్నారు. "వెళ్ళనివ్వండి," అంది లక్ష్మీతులసి. "మనమూ వెళ్దాం. గెలిచేమని కాదమ్మా, వినడానికి ఒప్పుకున్నారు, అంతే. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది."

"ఆయ్, అలాగేనండీ," అన్నాడు సూరిబాబు.

బయట వేపచెట్టు కింద బెంచీ మీద సుబ్బాయమ్మ కూర్చుని ఉంది. సత్యవేణి వెళ్ళి పక్కన కూర్చుంది. తల్లి తనవైపు తిరిగి ఏదైనా అంటుందేమోనని చూసింది. సుబ్బాయమ్మ చూపు మాత్రం గేటు దగ్గర వాణితో నిలబడ్డ దివ్య మీదే ఉంది.

"అది పొద్దున్నించి ఏవైనా తిన్నదా?" అంది సుబ్బాయమ్మ.

సత్యవేణి కడుపులో పాత మంట చురుక్కుమంది. ఇంత జరిగాక కూడా ముందు దానికోసమే అడుగుతోంది. కోపమొచ్చింది, ఆ కోపం మీద ఆమెకే నవ్వొచ్చింది. ఇది పోయేది కాదు కాబోలు, దీన్ని వెంటబెట్టుకునే నడవాలి కాబోలు అనుకుంది.

"ఉండు, అడిగొస్తాను," అని లేచింది.

దివ్య ఆమె రావడం చూసి వాణి దగ్గర్నుంచి రెండడుగులు ముందుకొచ్చింది.

"నువ్వేవైనా తిన్నావా అని అడుగుతోంది."

దివ్య బెంచీ వైపు చూడలేదు. "తినలేదని చెప్పు," అంది. కొంచెం ఆగి, "నీ సంగతడగలేదా?" అంది.

"లేదు."

"నువ్వు తిన్నావా అత్తా?"

"నేనూ తినలేదు."

వాణి బస్సొచ్చిందని ఒక్కతే వెళ్ళిపోయింది. సూరిబాబు రోడ్డు దాటి టిఫిన్ హోటల్లో నాలుగు కుర్చీలున్న బల్ల పట్టుకున్నాడు. సత్యవేణి వెనక్కి వెళ్ళి తల్లిని లేపింది. దివ్య వాళ్ళకోసం ఆగలేదు గానీ, హోటల్ వైపే నడిచింది.